చిల్లు పడిన బుడిపెలు

సుమీరా కర్రపెండలం ఆకులు ఏరుతోంది. ఒక్కో ఆకునీ వెనక్కి తిప్పి చూసి బుట్టలో వేస్తోంది.

"కూరకి ఆకులేరమంటే కోడల్ని ఎంచుతున్నట్టు ఎంచుతావేమిటే?" అంది అత్త గినెం, వసారాలో తమలపాకు దంచుకుంటూ.

పదకొండేళ్ళుగా ఇదే మాట. కొత్తలో చెవులు వేడెక్కేవి. ఇప్పుడు పొయ్యి మీద కుండ ఉడికే చప్పుడూ అత్త మాటా ఒకేలా వినిపిస్తాయి.

ఆకు తిప్పి చూడటం సుమీరాకి బడి నేర్పలేదు. బడి ఆరో తరగతితోనే అయిపోయింది. నేర్పింది భయం. కూతురు లరస్‌కి రెండేళ్ళప్పుడు, తొలి వానలకి టేకు ఆకుల కింద చేరే గూటిపురుగుల్ని ఊరంతా ఏరి వేయించుకుతినే రోజుల్లో, నానమ్మ మురిపెంగా పిల్ల నోట్లో రెండు పెట్టింది. గంటలో ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, కళ్ళు పూడుకుపోయాయి, ఊపిరి కూత పెట్టింది. బండి మీద ఆసుపత్రికి పోతున్నంతసేపూ సుమీరా ఆ కూతనే లెక్కపెట్టుకుంది. పిల్ల బతికింది. "కన్నతల్లివి, నువ్వు చూసుకోవద్దా?" అన్నాడు మొగుడు తుగిరాన్. పెట్టిందెవరని ఎవరూ అడగలేదు.

ఆనాటి నుంచి పెరట్లో, గట్టు మీద, బడికి పోయే దారిలో ఏ మొక్క మీద ఏ పురుగు తిరిగిందో చూసుకోందే పిల్లని అడుగు వేయనివ్వలేదు. ఆకు మీద తెల్లటి గీత ముగ్గులా మెలికలు తిరిగిందంటే లోపల సన్నపురుగు తొలుచుకుంటూ పోయిందని అర్థం. కొమ్మన ఉన్న నురుగు ముద్ద అత్త చెప్పినట్టు పాము ఉమ్మి కాదు, వేలు పెట్టి చూస్తే లోపల ఆకుపచ్చటి పిల్లపురుగు ఉంటుంది. ఆ వేలు పెట్టిన రోజు చచ్చిపోతాననుకుని సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. ఇక గట్టంతా అల్లుకుపోయిన కిరిన్యు కలుపు కాడల మీద కణుపు కణుపుకీ బుడిపెలు. అది కాయ కాదు. పురుగు కోసం మొక్క తన కాడనే ఉబ్బించి గది కట్టి, ఆ గది గోడల్నే తిండిగా పెడుతుంది. పురుగు ఈగై, చిల్లు చేసుకుని ఎగిరిపోతుంది. ఆ పైన కాడ పెద్దగా ఎదగదు. వాటి దగ్గర సుమీరా పని లేకపోయినా నిలబడిపోయేది.

వీటిలో ఏ ఒక్కటి చెప్పబోయినా తుగిరాన్ "నీకేం తెలుసు?" అనేవాడు. అది ప్రశ్న కాదు గనక ఆమె జవాబు వెతుక్కోలేదు.

ఈ నెల మొదట్లో పట్నం నుంచి ప్రతీవి అనే మేడమ్ వచ్చింది. ఊరి చుట్టూ అడవి మొక్కల మీద పురుగుల జాడలన్నీ రాసుకుంటారట. పది రోజుల పని. ఆ తర్వాత ఊళ్ళో ఒక మనిషిని ఏడాదంతా పనికి పెట్టుకుంటారట. "ఇవి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని మీటింగులో అడిగింది. మగవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. తుగిరాన్ చెయ్యెత్తాడు. సుమీరా టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది.

అప్పటి నుంచి రోజూ సంచీలో ఆకులు తెచ్చేవాడు. ఆమె వడ్డిస్తుంటే కంచం పక్కన పరిచి, "ఇదేమిటి? ఇది? తొందరగా చెప్పు" అనేవాడు. చెప్పేది. రాసుకునేవాడు. మర్నాడు మేడమ్ మెచ్చుకుందని తల్లికి చెప్పుకునేవాడు. సుమీరాకి బాధా కలగలేదు, సంతోషమూ కలగలేదు. సోయాగింజల టెంపే ముక్కలు తిరగేస్తుంటే నూనె చింది చేతి మీద పడిందని కూడా బొబ్బ లేచాకే చూసుకుంది.

తొమ్మిదో రోజు సాయంత్రం పైనా అనే పక్కింటావిడ నవ్వుకుంటూ వచ్చింది. "లరస్ అమ్మా, విన్నావా మీ ఆయన ఘనకార్యం! పురుగున్న బుడిపెలు కోసుకురండి, డబ్బాలో పెట్టి చూడాలి అందట మేడమ్. ఈయన చిల్లులున్నవన్నీ ఏరి రెండు మోపులు కోయించాడట! కోసి చూస్తే ఒక్కదాంట్లో పురుగు లేదు. కూలోళ్ళు ఒకటే నవ్వు."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? 'మా ఆవిడ అలా చెప్పింది మేడమ్, దానికేం తెలుసు' అన్నాడు. 'మీ ఆవిడ ఎక్కడ?' అని మేడమ్ వెంటనే అడిగింది. 'వంటింట్లో' అన్నాడు."

చిల్లు ఉంటే పురుగు వెళ్ళిపోయినట్టు, లేకపోతే ఇంకా లోపలే ఉన్నట్టు అని సుమీరా రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పేటప్పుడు ఆయన ఫోను చూసుకుంటున్నాడు. తొమ్మిది రోజులూ తెలిసినవన్నీ ఆయనవి. తప్పిన ఒక్కటీ తనది.

పదో రోజు పొద్దున తుగిరాన్ వంటింట్లోకే వచ్చాడు. ఎన్నడూ రాడు. "ఇవాళే ఆఖరు. ఎవర్ని పనికి పెట్టుకునేదీ ఇవాళే చెప్తారు. నిన్న పరువు తీశావు, ఇవాళైనా సరిగ్గా చెప్పి చావు. ఇదేమిటి?" అంటూ ఒక ఆకు ఆమె ముఖం ముందు పెట్టాడు.

కొస చుట్టుకుపోయి, సన్నటి దారంతో కుట్టినట్టున్న ఆకు. చూడగానే తెలిసింది.

"నాకేం తెలుసు?" అంది సుమీరా.

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు చాలిందా అన్నంత మామూలుగా అంది. తుగిరాన్ ఆకుని ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

చెయ్యి కడుక్కుంటుంటే భయాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. తను ఇంట్లో లేకపోతే పిల్ల ఏం ముట్టుకుంటుందో, అత్త మళ్ళీ ఏం తినిపిస్తుందో, మేడమ్ ముందు నోరు పెగలక తనని చూసీ కూలోళ్ళు నవ్వుతారో. గుమ్మం దగ్గర లరస్ బడికి అన్నం కట్టుకోవడానికి టేకు ఆకు పరుస్తోంది. పరచబోతూ ఆగి, దాన్ని వెనక్కి తిప్పి, ఈనె వెంట కొస దాకా వేలితో రాసి చూసింది. "ఏం లేదమ్మా" అంది తలెత్తకుండానే. ఎవరూ అడగలేదు.

సుమీరా తలకి గుడ్డ చుట్టుకుంది. మొగుడి చేతిలోంచి ఆకు తీసుకుంది. చెప్పులేసుకుని వసారా దాటింది.

"ఎక్కడికే పొద్దున్నే?" అంది గినెం.

"పొయ్యి మీద అన్నం ఉందత్తా" అంది సుమీరా. "ఉడికాక దించుకోండి."