చెంచాడు నీలగిరి తైలం

నేను ఒక బట్టీని. నీలగిరి ఆకును ఉడికించి తైలం తీయడం నా పని. అనకాపల్లిలో ఒక వెల్డింగు షెడ్డులో నిప్పురవ్వల మధ్య పుట్టాను. మొదటి యజమాని పొగకు విసిగి నన్ను చింతపల్లి కొండల్లోని గాసన్న, రత్నమ్మ దంపతులకు అమ్మేశాడు.

నా అడుగున నీళ్లు, పైన ఆకు, కింద మంట. ఆవిరి ఆకులోంచి లేచి, చన్నీళ్ల తొట్టిలో మునిగిన మెలికల గొట్టంలో చల్లబడి, బొట్లుబొట్లుగా దిగుతుంది. నీటి మీద తేలిన తైలాన్ని రత్నమ్మ తేర్చి సీసాల్లో పోసేది. అది దోమల్ని తరిమేది, బూజును చంపేది. ఛాతీకి కాస్త రాస్తే బిగిసిన ముక్కు తెరుచుకునేది. పురుగును చంపేది తమకు మాత్రం మేలే చేస్తుందని మనుషులకు ఎంత నమ్మకమో!

ఆ వానాకాలం వాళ్ల నాలుగేళ్ల కూతురు జమునకు దగ్గు పట్టుకుంది. ఒక మధ్యాహ్నం రత్నమ్మ మంట ఎగదోస్తుండగా గాసన్న సీసా, చెంచా పట్టుకుని పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"ఏటి సేత్తున్నావు?" అంది రత్నమ్మ.

"పైన రాత్తేనే ఇంత పని సేత్తాది. లోనకెల్తే దగ్గుంటాదేటి?"

ఆమె లేచి వచ్చేలోపే చెంచా ఖాళీ అయింది.

పిల్ల ఉక్కిరిబిక్కిరై ఏడ్చింది. కాసేపటికి ఏడుపు ఆగింది. ఆ ఆగడమే నన్ను భయపెట్టింది. కళ్లు మగతగా వాలిపోయాయి, చేతులు కొట్టుకోసాగాయి.

"ఉప్పునీళ్లు పట్టి కక్కించేద్దామా?" అన్నాడు గాసన్న.

"వద్దు! సొక్కిపోయిన పిల్ల నోట్లో ఏటీ పొయ్యకు. ఆ సీసా తే, డాక్టరుకి సూపిద్దాం. నడు!" రత్నమ్మ పిల్లను భుజాన వేసుకుని వానలోకి పరుగెత్తింది. గాసన్న ఆమె వెనకే పరుగెత్తాడు.

నా కింద మంట మండుతూనే ఉంది. నీళ్లు ఇగిరిపోయాయి. ఆకు మాడసాగింది. పక్కనే తైలం సీసాలు. ఒక్క రవ్వ ఎగిరి పడితే చాలు. అయినా కాలిపోతానన్న భయం కన్నా, ఆ ఇద్దరూ వట్టి చేతులతో తిరిగివస్తారేమోనన్న భయమే నన్ను ఎక్కువ తినేసింది. చివరికి మాడు వాసనకు పక్క పొలం సోములు పరుగున వచ్చి కట్టెలు లాగేశాడు.

మర్నాడు కూడా ఎవరూ రాలేదు. ఆ పై రోజు రత్నమ్మ వచ్చింది, ఒంటరిగా. సోములు అడగలేక అడిగాడు.

"బతికింది బావా. ఊపిరందక గొట్టం ఏసారు. పొద్దున్న కల్లు తెరిసి నీల్లడిగింది," అంటూ అక్కడే చతికిలబడి ఏడ్చేసింది.

పిల్ల ఇంటికి వచ్చాక గాసన్న నన్ను పాత ఇనుముకు వేసేద్దామన్నాడు.

"బట్టీ ఏటి సేసింది? దాని పని అది సేసింది," అంది రత్నమ్మ. సీసాలను పెట్టెలో పెట్టి తాళం వేసింది.

మళ్లీ మంట పెట్టిన రోజు, ఆ వాసన తగలగానే జమున తల్లి కొంగు చాటుకు పోయింది. నాకూ ఆ పిల్లను చూస్తే భయమే. పిల్ల అటు తిరిగేదాకా తొలి బొట్టును గొట్టం చివరే ఆపి ఉంచాలనుకున్నాను. నా వల్ల కాలేదు.