మొదట పసుపు

కంప్యూటరు తెర మీద మినప్పప్పును రెండు వరసలు కిందికి దింపి, ఆ ఖాళీలోకి బెల్లాన్ని లాక్కొచ్చాడు అప్పలరాజు. మోకాళ్లు నొక్కుకుంటూ, కళ్లు చిట్లించి మళ్లీ ఓసారి చూసుకున్నాడు. లావుపాటి వేళ్లు, అరిగిన గోళ్లు, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు. హిందీ మాట్లాడే ఊళ్లో, బిష్టుపూర్ బజారులోని ఓ కిరాణా కొట్టులో జీవితమంతా అరలు సర్దిన మనిషి. నిచ్చెన ఎక్కలేని రోజు వచ్చేసరికి, యజమాని కొడుకు గౌరీశంకర్ ఆయన్ని మేడ మీద కూర్చోబెట్టి, ఆన్‌లైన్ కొట్టులో ఏ సరుకు ముందు కనిపించాలో, ఏది వెనక ఉండాలో సర్దే పని అప్పజెప్పాడు. పనేం మారలేదు, అరలే మారాయి అనుకున్నాడు అప్పలరాజు.

ఆయనకో పట్టింపు ఉంది. బోణీ బేరానికి ముందు పసుపు చూపించాలి. కింద కొట్టులో చేసినట్టే పైన కూడా చేశాడు. పప్పుల్లో మొదట పసుపు, సబ్బుల్లో మొదట పసుపు. సోనారి పేటలో ఎవరో పెద్దమనిషి గడ్డం బ్లేడ్లు వెతుక్కుంటే ఆయనకూ ముందు పసుపే ఎదురైంది. గౌరీశంకర్ నెత్తి బాదుకున్నాడు గాని, చిన్నప్పుడు తనను భుజాన మోసిన మనిషిని ఏమనగలడు?

రెండో చోటు మాత్రం కద్మా పేటలో ఉండే నూకాలమ్మ గుమ్మడి వడియాలది. మొగుడు పోయాక ఆవిడ బతుకంతా వాటి మీదే. పేరున్న కంపెనీల పొట్లాల మధ్య వాటిని పనిగట్టుకుని ఎవరూ వెతకరు, కంటబడితే మాత్రం కొంటారు. ఆ సంగతి ఆవిడకు తెలియదు. తన చేతి రుచి ఊరంతా పాకిందని మురిసిపోతుంది. అప్పలరాజు ఆ మురిపెం ఎన్నడూ చెడగొట్టలేదు.

ఆ మధ్యాహ్నం గౌరీశంకర్ పైకొచ్చి, రేపట్నుంచి వరసలు కంప్యూటరే సర్దుకుంటుందని చెప్పాడు. ఎక్కువ అమ్ముడయ్యేవి వాటంతటవే పైకొస్తాయట, మిగతావి అడుక్కి పోతాయట. అప్పలరాజు మామ ఇక ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోవచ్చట. అప్పలరాజుకు తన గురించి బెంగ కలగలేదు. అడుక్కి పోయిన సరుకు ఎవరికీ కనబడదు, కనబడనిది మళ్లీ పైకి రాదు. నూకాలమ్మ తలపుకొచ్చింది. కొన్నిటిని కదలకుండా పైనే పట్టి ఉంచలేమా అని అడిగాడు.

"ఏక్ హీ హోగా, మామా," అన్నాడు గౌరీశంకర్. ఆ ఒక్కటీ ఏదో అడగక్కర్లేదన్నట్టు పసుపు మీద వేలు పెట్టాడు.

 పసుపు లేని బోణీ బుద్ధెరిగాక చేయలేదు అప్పలరాజు. కీడు జరుగుతుందేమోనని భయమేసింది కూడా.

"పసుపును దింపీ బాబూ," అన్నాడు చివరికి. "అది కావలసినోలు ఎతుక్కుని మరీ కొంటారు. నూకాలమ్మ వడియాల్ని ఎవులు ఎతుకుతారు? వాటినే ఉంచు."

గౌరీశంకర్ అలాగే చేశాడు. తెర మీద పసుపు కిందికి జారిపోవడం చూసి, అప్పలరాజు చెంపలు వేసుకుని లేచాడు. మెట్లు ఒక్కొక్కటే దిగి, ఆటో ఎక్కి ఇంటికెళ్లాడు. చారన్నం తిని పడుకున్నాడు. తెల్లారి లేవలేదు.

వారం తిరిగాక నూకాలమ్మ రెండు సంచులు మోసుకొచ్చింది. ఇంత గిరాకీ ఎన్నడూ ఎరగదు, వడియాలు పెట్టే హడావిడిలో ఏ కబురూ ఆవిడ దాకా రాలేదు. నవ్వుతూ మేడెక్కి, "రాజన్నేడి బాబూ?" అని అడిగింది. ఎప్పుడూ హిందీలో బదులిచ్చే గౌరీశంకర్ తెలుగులో, మెల్లగా చెప్పాడు.

ఆవిడ సంచులు అక్కడే దించి, ఖాళీ కుర్చీ వంక చూస్తూ నిలబడిపోయింది. కళ్లు తుడుచుకుని, కొంగు చాటు నుంచి ఏదో తీసి బల్ల మీద పెట్టి, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. డాక్టరు ఉప్పు మానమన్నాడని అప్పలరాజు ఎప్పుడో అంటే, ఆయన కోసం ఉప్పు వేయకుండా విడిగా ఎండబెట్టిన వడియాల పొట్లం అది.