మరమ్మతు డేరాలో నూనె దొంగ

"ఎవర్రా అక్కడ?" అని అరిచాడు సార్జెంట్ ఓజెల్ బాటిస్ట్.

లారీల వెనక నుంచి, మూతికి చుట్టుకున్న ఉన్ని మఫ్లర్లోంచి జవాబొచ్చింది. అవతలివాడు అలవాటు కొద్దీ "నూనె" అన్నాడు. ఓజెల్ చెవికి "నేనే" అని వినిపించింది.

"నేనే అంటే ఎవడివిరా? ఆ మాట మీ అమ్మకి చెప్పు, పోలుస్తుంది!"

పరుగెత్తి వెళ్లేసరికి మనిషి లేడు. మంచు మీద నల్లటి చుక్కలున్నాయి. వాసన చూస్తే ఇంజన్ ఆయిల్. పక్క లారీ బానెట్ ఎత్తి నూనె మట్టం చూసే కొలపుల్ల లాగాడు. పొడిగా ఉంది. ఆ పక్కదీ అంతే.

ఓజెల్ వెచ్చని లూసియానా నుంచి కెనడా ఉత్తరపు మంచుసీమ యూకన్‌కి వచ్చి ఒక్క రోజే అయింది. అక్కడ యుద్ధం కోసం అడవిని కోసి రోడ్డు వేస్తున్నారు. ఆ రోడ్డు కొసన పనిచేసే వాళ్లకి పిండీ, మాంసమూ, మందులూ మోసే లారీలన్నీ ఈ మరమ్మతు డేరా మీదే ఆధారం. పేరుకి మరమ్మతే గానీ మత్తుగా ఓ కునుకు తీసే వీలు లేని చోటు. తెల్లారగానే లారీలు కదలాలి. "ఒక్కటి ఆగినా నీ భుజం మీద సార్జెంట్ చారలు ఊడతాయి," అని అతను దిగగానే కెప్టెన్ హోల్కం చెప్పాడు. నూనె లేకుండా ఇంజన్ తిప్పితే లారీ పోతుంది, చారలూ పోతాయి.

దేహం గడ్డకట్టింది గానీ సందేహం మాత్రం సలసల కాగింది. చుక్కల వెంట నడిస్తే వంట డేరా వచ్చింది.

లోపల వంటవాడు లెవీ బీన్స్ కలుపుతున్నాడు. డ్రైవర్ క్లియన్ పొయ్యి పక్కన నిలబడి కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. కోటు ముందుకి పొడుచుకొచ్చింది.

"ఏంట్రా ఆ పొట్ట?"

"లెవీ వంట, సార్జెంట్."

"వంటయితే ఆ చప్పుడేంటి? డబడబమంటోంది!"

"అది కూడా లెవీ వంట వల్లే."

లెవీ గరిటె ఆపి క్లియన్ వంక చూశాడు, క్లియన్ నేల వంక చూశాడు. ఓజెల్‌కి అంతా అర్థమైపోయింది. ఇది ఒక్కడి పని కాదు, ముఠా!

గోదాములోంచి కొత్త పీపా దొర్లించుకొచ్చి లారీలన్నిట్లోనూ నూనె పోయడం మొదలెట్టాడు.

"సార్జెంట్, ఇప్పుడు పొయ్యొద్దు, పొద్దున్నే..." అంటూ క్లియన్ వెంటపడ్డాడు.

"నోర్మూయ్! పొద్దున్న నీ సంగతి కెప్టెన్ చూస్తాడు."

క్లియన్ లారీని మాత్రం సాక్ష్యంగా ఖాళీగానే ఉంచాడు. తెల్లారేదాకా తుపాకీ పట్టుకుని తనే కాపలా కాశాడు. ఒక్క పురుగు రాలేదు.

తెల్లారింది. డ్రైవర్లు ఎక్కి ఇంజన్లు తిప్పారు. ఒక్క ఇంజనూ దగ్గను కూడా దగ్గలేదు. ఓజెల్ కొలపుల్ల లాగి చూస్తే నూనె బెల్లం పాకంలా సాగుతోంది.

కెప్టెన్ వచ్చాడు. "నా బండ్లు ఎవడు ఆపాడు?"

అప్పుడే క్లియన్ వంట డేరాలోంచి పొగలు కక్కే డబ్బాతో వచ్చి, తన లారీలో పోసి తిప్పాడు. మొదటిసారికే గుర్రుమంది. వెనకే వచ్చిన లెవీ అసలు సంగతంతా ఓజెల్ చెవిలో ఊదాడు.

డ్రైవర్లంతా ఓజెల్ వంక చూశారు గానీ ఒక్కడూ పేరెత్తలేదు. "చలి, సార్," అన్నాడు క్లియన్.

ఓజెల్‌కి ఆ మాట తుపాకీ దెబ్బలా తగిలింది. బంపరెక్కి నిలబడ్డాడు. "చలి కాదు సార్. వీళ్లు సాయంత్రం నూనె దించి పొయ్యి వెనక వెచ్చగా పెట్టి, పొద్దున్నే తిరిగి పోస్తారు. అది నాకిప్పుడే తెలిసింది. నన్ను మీరు పంపిన గూఢచారి అనుకుని దాచారు. వంట డేరాలో నూనె పెట్టొద్దని మీ ఆర్డరట కదా! నేను వీళ్లని దొంగలనుకున్నాను. ఆ అనుమానంతో క్లియన్ లారీ తప్ప అన్నిట్లో చల్లని నూనె పోసి, కాపలా కాసి మరీ గడ్డకట్టించాను."

కెప్టెన్ మీసం మీది మంచు దులుపుకున్నాడు.

"చారలు ఉంచుకో. దిగి, లారీల కింద మంటలు పెట్టు. లెవీ, నీ పొయ్యి వెనక ఇంకెంత చోటుంది?"

"బీన్స్ తినేస్తే బోలెడు, సార్."