ఆమె అనని ఊ

ఆఫీసులో అందరూ ఆమెను ‘ఆలస్యం గారు’ అనేవారు. ఆలస్యంగా వస్తుందని కాదు. ఆ కంపెనీలో ఆలస్యం అనే రోగానికి వైద్యం చేసేది ఆమె ఒక్కతే. కళ్ళకు పెద్ద అద్దాలు తగిలించుకుని, ఎక్కడెక్కడి మనుషులో ఒకే బొమ్మల లోకంలో కలుసుకుని కబుర్లాడుకునే ఏర్పాటు వాళ్ళది. దగ్గర్లో ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు. భూమికి అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు ఉంటేనే తంటా. ఇక్కడ జోకు వేస్తే అక్కడి నవ్వు తీరిగ్గా వచ్చేది. ఈలోగా జోకు వేసిన మనిషి మొహం మాడిపోయేది.

అలా మాడిన మొహాల్లో మొదటిది ఆమె మొగుడిదే. అతను సముద్రంలో పాతిన గాలిమరలకు రిపేర్లు చేసే మెకానిక్. పని దిగాక తన ఇనుప గదిలో మంచం మీద కూర్చుని అద్దాలు పెట్టుకునేవాడు. ఇక్కడ ఆమె ఆఫీసుకు బయలుదేరే ముందు వంటగదిలో స్టూలు మీద కూర్చుని పెట్టుకునేది. బొమ్మల లోకంలో ఇద్దరికీ ఒక వరండా, ఒక బెంచీ. కంపెనీలో ఏం కొత్తగా చేసినా ముందు ఆ బెంచీ మీదే పరీక్ష, అదంతా రికార్డు కూడా అయ్యేది. పెళ్ళయ్యాక వాళ్ళు అసలు ఇంట్లో కంటే ఆ వరండాలోనే ఎక్కువ కాపురం చేశారు.

“వింటున్నావా?” అనేవాడు మాట మధ్యలో.

“వింటున్నా, చెప్పు.”

అది చేరేలోపే మళ్ళీ “వింటున్నావా?” అనేవాడు. రెండు మాటలూ దారిలో ఢీకొనేవి. ఇంకేముంది, పోట్లాట.

మనవాళ్ళకు కథ చెప్పాలంటే ఎదుటివాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగుతుంది. మందు ఆమెకు అక్కడే దొరికింది. తీగల్లో మాట పరుగుకు ఒక హద్దుంది, దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. అందుకని అవతలి మనిషి ఊ వచ్చేదాకా ఆగకుండా ఇవతలి యంత్రమే ఊహించి, ఆ మనిషి గొంతుతోనే ఊ అంటుంది, బొమ్మ చేత తల ఊపిస్తుంది. అసలుది వెనకాల వస్తే గుట్టుగా కలిపేస్తుంది, రాకపోతే గుట్టుగా ఊరుకుంటుంది. ఊహలో మొదటి అక్షరం ఊయే కదా అని తనలో తను నవ్వుకుంది కూడా.

పోట్లాటలు పోయాయి. అతను కడుపులో ఉన్నదంతా చెప్పుకునేవాడు. అద్దాలు తీస్తే మాత్రం మళ్ళీ అదే వంటగది, కడగాల్సిన ఒక్క ప్లేటు, ఒక్క గ్లాసు. ఒంటరితనం ఆమెకు అలవాటైందే గానీ తగ్గలేదు. అతని కాంట్రాక్టు అయిపోవస్తోందని అలమరాలో సగం ఖాళీ చేసి పెట్టింది.

ఒకరోజు వరండాలో అతనన్నాడు: “ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. ఉండనా?”

ఆమె ఏమీ అనలేదు. అనడానికేముంది, అడగడమే తప్పయితే? పెళ్ళాం నోరు మెదపకపోతే ఏమైందని కంగారు పడాలి, బతిమాలాలి, మొగుడన్నవాడు. అతను కాసేపాగి, “సరే అయితే” అని, కొత్తగా తెచ్చిన క్రేను గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అప్పట్నుంచీ వరండాలో పొడిపొడి మాటలే. అతనూ తగ్గించేశాడు.

ఆ వారంలోనే అత్తగారు ఫోన్ చేసింది.

“వాడు సంతకం పెట్టేశాడటమ్మా. నువ్వు ఊ అన్నావటగా. ఎంత గుండె నిబ్బరమే నీకు.”

“నేనలా అనలేదు అత్తయ్యా.”

“అనకుండానే అన్నావని చెప్తాడా?”

“చెప్పాడుగా మరి.”

అబద్ధాలు కూడా నేర్చాడన్నమాట అనుకుంటూ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ ఆమె పైఅధికారి కాచుకుని ఉన్నాడు. ఆయన పేరు తొందర సార్. ఆలస్యం గారికి తొందర సార్ పైఅధికారి కావడం ఆ ఆఫీసులో పాత జోకే.

“పెద్దవాళ్ళకి చూపించడానికో మంచి ముక్క కావాలమ్మా. మీ వరండా రికార్డింగుల్లోంచి మీరే ఏరివ్వండి. మీవారి వైపుది పెట్టండి, అటే బాగా తెలుస్తుంది.”

అటువైపు రికార్డింగు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎవరు మాత్రం చూస్తారు? తన బెంచీ మీంచి తనకు కనిపించేది చాలు అనుకుంది. వరసగా చూస్తూ ఆ రోజు దగ్గరికి వచ్చింది.

“ఉండనా?” అన్నాడు అతను.

ఆమె బొమ్మ తల ఊపింది. ఆమె గొంతే, మెత్తగా, ఎక్కడా తడబడకుండా, “ఊ” అంది.

అతను ఆగాడు. ఇంకేమైనా అంటుందేమోనని బొమ్మ మొహంలోకి చూశాడు. తర్వాత “సరే అయితే” అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదని ఆమెకు ఇప్పుడు వినిపించింది.

యంత్రానికి ఆలస్యమూ మౌనమూ ఒకటే. రెండింట్లోనూ మాట రాదు, రెండింటినీ ఊతో పూడుస్తుంది. అలా పూడ్చమని నేర్పింది ఆమే.

వెనక నించున్న తొందర సార్ మురిసిపోయాడు. “భలే ఉందమ్మా. మౌనం అర్ధాంగీకారం అన్నారు, మనం పూర్తి అంగీకారమే చేసేశాం.”

“ఇది పెట్టకండి సార్” అని లేచి, పరీక్షలు చేసే చిన్న గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. వరండాకు ఆ ఊహించి ఊ కొట్టే ఏర్పాటు తీసేసింది. అద్దాలు పెట్టుకుని అతన్ని పిలిచింది.

“ఆ రోజు ఊ అన్నది నేను కాదు.”

ఎదురుగా అతని బొమ్మ కదల్లేదు. పాత ఆలస్యం, మళ్ళీ.

“మరెవరు?”

“మిషను. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఏమైందని అడుగుతావనుకున్నా.”

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. అందులో దారి ఎంతో, అతనెంతో, ఆ లెక్కల్లోనే బతికే ఆమెకు కూడా తెలియలేదు.

“నాకు ఊ అనే వినపడింది. ఎంత తేలిగ్గా అనేసిందీ, నాతో పని లేదు కాబోలు అనుకున్నా. సంతకం పెట్టేశాను. ఇక వెనక్కి తీసుకోనివ్వరు.”

“మళ్ళీ అడుగు.”

“ఇప్పుడేం లాభం?”

“అడుగు.”

“ఉండనా?”

“వద్దు” అంది.

ఆ మాట వెళ్ళాల్సినంత దూరం వెళ్ళింది. బొమ్మ అలాగే ఉంది. ఆమె ఏడుస్తూనే ఎదురుచూసింది.

“ఆ రోజూ ఈ మాట అంటావనే అడిగాను” అన్నాడు అతను.