పంజాగుట్ట బస్టాప్ సీను

వంటింట్లో అల్లం దంచుతుంటే హాల్లోంచి సాయికిరణ్ కేకేశాడు. "వదినా, చిన్న డౌటు. అబార్షన్ అయ్యేటప్పుడు ఆడవాళ్లు గట్టిగా అరుస్తారా, లేకపోతే లోపల్లోపలే ఏడుస్తారా?"

ఉప్మాలో నీళ్లెన్ని పోయాలని అడిగినంత మామూలుగా అడిగాడు. మా ఆయన ఫణీంద్రతో కలిసి సినిమా స్క్రిప్టు రాస్తున్న కుర్రాడు. ఏడాదిన్నరగా మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. చెడ్డవాడేం కాదు. ఆ ప్రశ్న ఎవరి కడుపులోంచి వచ్చిందో అతనికి తెలియదు. నాకు మాత్రం తక్షణం తెలిసింది. చేతిలో రోకలి ఆగిపోయింది. తెలియనట్టే "టీ ఇచ్చాక చెప్తాను" అన్నాను. అలా అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సినిమావాళ్లు దీన్ని సిట్టింగ్ అంటారు. కథ తేలేదాకా వాళ్లు కూర్చుంటారు, నేను నిలబడతాను. ఫణి బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసినప్పుడు, "నేను కోడింగ్ కోసం పుట్టలేదు మంజూ" అన్నాడు. నేనేమో కోడింగ్ కోసమే పుట్టినట్టుంది. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్తాను. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఆరింటికి ఇంకోటి. డిగ్రీ పట్టుకుని ఊళ్లలోంచి వచ్చే పిల్లలు ఒక్కో బెంచీకి ఆరుగురు ఇరుక్కుని కూర్చుని "మేడమ్, మేడమ్" అంటారు. రెండు బ్యాచీల మధ్య పంజాగుట్టలో ఈ ఇల్లు, ఈ గిన్నెలు, ఈ సిట్టింగు. ఎప్పుడైనా నీరసంగా ఉందంటే ఫణి నవ్వుతాడు. "నీకేంటి, రోజూ చెప్పిన పాఠమే. బుర్ర పెట్టక్కర్లేదు. నాది అలా కాదు కదా." నిజమే. బుర్ర పెట్టక్కర్లేని ఆ పాఠమే ఇంటి అద్దె కడుతోంది.

వాళ్ల కథలో ముక్కూమొహం తెలియని నలుగురు మనుషులుంటారు. ఒక వానా సాయంత్రం పంజాగుట్ట చౌరస్తాలో ఒకరికొకరు తారసపడతారు. ఒకడి బస్సు తప్పిపోతే ఇంకొకడి జీవితం మారిపోతుంది. "ఎవరి దారం ఎవరికి ముడిపడుతుందో చూడండి. అంతా యాదృచ్ఛికం" అంటాడు ఫణి కళ్లు మూసుకుని. కళ్లు తెరిచేసరికి ముందు టీ కప్పు ఉంటుంది. అదీ యాదృచ్ఛికమే అనుకుంటాడు కాబోలు. ఆ నలుగురూ మగవాళ్లే. అందులో ఒక పెద్దమనిషి ఇంట్లో క్యారేజీ మర్చిపోవడంతో కథంతా మొదలవుతుంది. ఆ క్యారేజీ ఎవరు కట్టారని ఒకసారి అడిగాను. "వాళ్లావిడ. ఆవిడకంటూ కథ, ట్రాక్ ఏమీ లేదులే, జస్ట్ లింకు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ఆరేళ్ల కాపురం మొత్తం చెప్పేశాడు. పాపం, చెప్పేశాడని అతనికే తెలియదు.

పోయిన వానాకాలం నాకు మూడో నెల. సాయంత్రం క్లాసు మధ్యలో నడుము పట్టేసింది. పిల్లలకి ప్రోగ్రాం ఒకటి రాయమని ఇచ్చి బయటపడ్డాను. ఎలాగోలా పంజాగుట్ట బస్టాప్‌దాకా వచ్చాక కాళ్ల వెంట వెచ్చగా కారడం తెలిసింది. జనం చూస్తున్నారు, జరిగి నిలబడుతున్నారు. ఒకావిడ మాత్రం దగ్గరికొచ్చింది. నల్ల బురఖా, చేతిలో కూరగాయల సంచి. "ఏమైంది బేటా? జర కూసో" అంటూనే సంగతి కనిపెట్టి, తన చున్నీ తీసి నా నడుము చుట్టూ కట్టింది. ఆవిడ పేరు కుల్సుం అని, అక్కడే బట్టల షాపులో పనిచేస్తుందని, ఇల్లు ఖైరతాబాద్ అవతలని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు ఆవిడ చెయ్యి మాత్రమే తెలుసు. ఆటోలో ఆ చెయ్యి పట్టుకునే ఫణికి ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. స్విచాఫ్. ల్యాండ్‌లైన్ ఎంగేజ్. "నీ ఆయన ఫోన్ బంద్ ఉన్నది, ఫికర్ చెయ్యకు, నేనున్న గద" అంది కుల్సుం. నర్సింగ్ హోంలో మీరేమవుతారని అడిగితే, క్షణం ఆలోచించకుండా "అక్కను" అంది.

సిట్టింగ్ మొదలయ్యే ముందు ఫోన్లన్నీ ఆపేసి స్టీలు గిన్నెలో పడేయాలి. ల్యాండ్‌లైన్ రిసీవరు తీసి పక్కన పెట్టాలి. రూలు ఫణిదే. లేకపోతే మూడ్ చెడుతుందట. ఆ రోజు మూడ్ చాలా బాగా కుదిరిందని, ఇంటర్వెల్ సీను దొరికిందని తర్వాత సాయికిరణే నాతో సంబరంగా చెప్పాడు.

మా అత్తగారు కుసుమకుమారి గారు ఏలూరు నుంచి వచ్చి పదిరోజులున్నారు. "ఆ బస్సుల్లో పడి తిరగొద్దంటే వింటేనా? సరే, అయిందేదో అయింది. ఇది నలుగురిలో చెప్పుకునే సంగతి కాదు" అన్నారు. అందుకని ఇన్‌స్టిట్యూట్‌లో వైరల్ ఫీవర్ అని చెప్పాను. మా అమ్మకి కూడా టైఫాయిడ్ అనే చెప్పాను. ఒక్క ఫణికి మాత్రం, ఒక మధ్యాహ్నం, మొదటినుంచి చివరిదాకా చెప్పుకున్నాను. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. నేను నమ్మాను. ఏడుస్తూనే సీను అల్లుకున్నాడని ఇవాళ తెలిసింది.

ఫణి పంచదార కోసం వంటింట్లోకి వచ్చినప్పుడు అడిగాను. "నా సంగతి సినిమాలో పెట్టారా?"

"పేరు మార్చాంలే. నువ్వని ఎవరికి తెలుస్తుంది?"

"మరి కుల్సుం అక్క?"

"నలభై దాటిన సేల్స్ ఆవిడ కాపాడితే ఎవరు చూస్తారు మంజూ? అది హీరో ఎంట్రీ. వానలో ఆ అమ్మాయిని రెండు చేతులతో ఎత్తుకుని ఆటోలోకి చేరుస్తాడు. ఆడియన్స్ లేచి నిలబడతారు చూడు." నా భుజం తట్టాడు. "చలపతిరావు గారు వచ్చే టైమైంది. ఆ నైటీ మార్చుకో. ఆయన టీలో పంచదార తక్కువ."

నాకు ఒళ్లు మండిపోయింది. నలుగురిలో చెప్పుకోకూడదన్నది నాకు మాత్రమేనన్నమాట. ఆయన ఊరూరా తెర మీద చెప్పొచ్చు, పైగా పేరు తెచ్చుకోవచ్చు. నెత్తురు నాది, పేరు ఆయనది. నన్ను నిలబెట్టిన ఆడదాన్ని కథలోంచి కొట్టేసి, ఆ చోటులో కండలు తిరిగిన కుర్రాణ్ణి పెట్టారు. నాకు ఈ లోకంలో ఆ సాయంత్రం దొరికింది ఆవిడొక్కతే. ఆవిణ్ణి కూడా లాక్కున్నారు. అయినా నైటీ మార్చుకుని చీర కట్టుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో అడగొద్దు, ఆరేళ్ల అలవాటు అంత తేలిగ్గా పోదు.

చలపతిరావు గారు నిర్మాత. కాంట్రాక్టుల్లో సంపాదించి సినిమా తీద్దామని వచ్చిన మనిషి. సోఫాలో వెనక్కి వాలి, "కానీయండి" అన్నారు. ఫణి నిలబడి కథ చెప్పాడు. సాయికిరణ్ నోటితో వాన చప్పుడు చేశాడు. బస్టాప్ సీను వచ్చేసరికి ఫణి పొట్ట పట్టుకుని ముందుకు వంగాడు. పళ్లు బిగించి మూలిగాడు. నేను తనతో చెప్పుకున్నట్టే, ఎడమచేత్తో గాలిలో బస్టాప్ స్తంభం పట్టుకున్నాడు. టీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి నేను చూస్తున్నాను. నా మొగుడు, నా ముందే, నా నొప్పి నటిస్తున్నాడు. బాగానే నటిస్తున్నాడు కూడా.

చలపతిరావు గారు సోఫాలో ముందుకు జరిగారు. "బాగుందయ్యా. కళ్లలో నీళ్లు తిరిగినై. ఒక్కటే సందేహం. ఆ పిల్ల మెడలో తాళి ఉందన్నావు కదా. మరి మొగుడేడీ ఆ టైములో?"

ఏడాదిన్నర కూర్చుని, నాలుగు జీవితాలని దారప్పోగుల్లా ముడేసిన ఇద్దరికీ ఆ ప్రశ్న తట్టనేలేదు.

"ఊళ్లో లేడనుకుందాం సార్" అన్నాడు సాయికిరణ్.

"క్యాంపు. బెంగుళూరులో క్యాంపు సార్" అన్నాడు ఫణి.

"క్యాంపయితే మాత్రం? ఫోనన్నా చేస్తది కదయ్యా కట్టుకున్నవాడికి. ఆడవాళ్లు అడుగుతారు ఆ మాట."

ఫణి నా వంక చూశాడు. ఇంట్లో పాలు అయిపోయినప్పుడు చూసే చూపు. ఏదో ఒకటి చూడు, సర్దెయ్ అనే చూపు. నేను ట్రే కింద పెట్టి, గోడవార కుర్చీ ముందుకు లాక్కుని, చలపతిరావు గారికి ఎదురుగా కూర్చున్నాను.

"చేసిందండీ" అన్నాను. "కడుపు పోయేదాకా చేస్తూనే ఉంది. ఆ టైములో ఆయన మీరిప్పుడు కూర్చున్న సోఫాలోనే కూర్చుని, ఫోన్లన్నీ ఆపేయించి, ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరినొకరు ఎలా ఆదుకుంటారో కథ రాస్తున్నారు."