లైసెన్సు లేని బీవర్లు

గైల్స్ వెదర్‌బీ పర్యావరణ మంత్రి అయి ఇంకా నెల తిరగలేదు. అంతకుముందు రోడ్ల శాఖలో ఉన్నప్పుడు, కప్పల కోసం గబ్బిలాల కోసం రోడ్లు ఆపడమేమిటని పార్లమెంటులో నిప్పులు చెరిగినవాడే. కుర్చీ మారగానే ప్రకృతి మీద ప్రేమ పొంగుకొచ్చింది. అదే సమయానికి ఇంగ్లండులోని డెవన్ జిల్లాలో ఉప ఎన్నిక రావడం కేవలం కాకతాళీయం. చెట్లు కొరికి పడగొట్టి వాగులకు ఆనకట్టలు కట్టే బీవర్లు నాలుగు వందల ఏళ్ల కిందటే అక్కడి లోయలో కనుమరుగయ్యాయి, వాటిని తన చేతుల మీదుగా మళ్లీ వాగులోకి వదులుతానని ప్రకటించాడు.

చోటు చూసి రమ్మని టామ్‌సిన్ యో అనే అధికారిణిని పంపారు. అడవి జంతువులను కాపాడదామని శాఖలో చేరి, పదేళ్లుగా మంత్రుల ప్రసంగాలను కాపాడుతున్న మనిషి ఆమె.

వాగు డెంజిల్ లస్కోంబ్ అనే గొర్రెల రైతు పొలం గుండా పోతుంది. ముసలాయన ముందు నడిచి దారి చూపించాడు. వంపు తిరగగానే టామ్‌సిన్ ఆగిపోయింది. వాగుకు అడ్డంగా కొమ్మలూ బురదా కలిపి కట్టిన ఆనకట్ట, దాని వెనక నిండు మడుగు, గట్టు మీద కొరికి పడగొట్టిన చెట్లు. ఆ పనితనం బీవర్లది కాక ఇంకెవరిదీ కాదని బడిపిల్లలైనా చెబుతారు.

"ఏంటిది, లస్కోంబ్ గారూ?"

"కంపలమ్మాయ్. గాలికి కొట్టుకొచ్చాయి."

"గాలి ఇలా కొమ్మల్ని పెన్సిల్ చెక్కినట్టు చెక్కిందా?"

"మావైపు గాలికి పళ్లుంటాయి."

టామ్‌సిన్‌కు నవ్వాగలేదు. "నిజం చెప్పండి. ఎవరు తెచ్చి వదిలారు?"

"దేవుడు."

"ఎప్పుడు?"

"అడగలేదమ్మా. పెద్దాయన కదా, బాగోదని." అని, డెంజిల్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "చూడమ్మాయ్, ఇవి రాకముందు గట్టిగా వానొస్తే కింద ఊరంతా మేడలెక్కేది. మా చెల్లెలి ఇల్లు రెండుసార్లు మునిగింది. ఇప్పుడు నీళ్లు ఇక్కడే ఆగి మెల్లగా దిగుతున్నాయి. మీవాళ్లకు తెలిస్తే లైసెన్సు లేదని వీటిని పట్టుకుపోతారు. వరదకైతే లైసెన్సు అక్కర్లేదాయె!"

ఆమె కాస్త దూరం వెళ్లి లండన్‌లో ఉన్న పై అధికారి నైజెల్ క్రాబ్‌కు ఫోన్ చేసింది.

"సార్, ఇక్కడ బీవర్లు ముందే ఉన్నాయి. కొత్త జంటను వదిలితే ఇవి ఊరుకోవు, కొట్టుకుంటాయి."

"లేవు."

"నేను చూశాను సార్."

"మీరు చూసింది కంపల్ని. లైసెన్సు లేని బీవర్ మన లెక్కలో బీవరే కాదు. ఉన్నాయంటే పట్టించాలి, బీవర్లను వదిలే సభ ఆపాలి. ఆ మాట మంత్రిగారికి మీరు చెబుతారా?"

టామ్‌సిన్‌కు సిగ్గేసింది. కానీ ఈసారి నోరు మూసుకుంటే ఆ జంతువులు బతుకుతాయి. పదేళ్ల ఉద్యోగంలో తన మౌనం ఒకరికి మేలు చేయడం ఆమెకిదే మొదలు.

సభ రోజున మడుగు పక్కన గుడారం, టీ, స్కోన్లనే తీపి రొట్టెలు, టీవీ వాళ్లు. మంత్రి బూట్లకు ధర చీటీ ఇంకా వేలాడుతోంది. ప్రకృతి మన అమ్మ అన్నాడు. తన అమ్మమ్మ ముళ్లపందులకు పాలు పోసేదన్నాడు. అవి పాలు తాగితే జబ్బు పడతాయని టామ్‌సిన్ అనలేదు.

పెట్టె తలుపు తీశారు. సర్కారు బీవర్ల జంట మెల్లగా నీళ్లలోకి దిగింది. అంతే, ఆనకట్ట చాటునుంచి బండలాంటి మగ బీవర్ ఒకటి దూసుకొచ్చి, తోకతో నీటి మీద ఫెళ్లున చరిచింది. లైసెన్సున్న ప్రాణులు రెండూ వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పెట్టెలో దూరాయి. గెలిచినవాడి వెనకే ఆడ బీవర్, మూడు పిల్లలు ఈదుకుంటూ వచ్చాయి.

అందరూ నోళ్లు తెరిచారు. "మంత్రిగారూ, మీరు వదిలింది రెండు. ఇక్కడ ఐదున్నాయేంటి?" అని విలేకరి అడిగాడు.

మంత్రి నైజెల్ వైపు చూశాడు. నైజెల్ టామ్‌సిన్ వైపు చూశాడు. ఆమె మబ్బుల వైపు చూసింది.

"చూశారా!" అన్నాడు వెదర్‌బీ ఉన్నట్టుండి చేతులు చాచి. "మా విధానం ఎంత తొందరగా ఫలించిందో! ఈ ఐదూ మన ప్రభుత్వ బీవర్లే!"

చప్పట్లు మోగాయి. డెంజిల్ ఆమె చెవిలో గొణిగాడు: "ఈయనకు నా గొర్రెల్ని అప్పగించాలి. సాయంత్రానికల్లా మంద రెట్టింపు చేస్తాడు."

మంత్రి నోటి నుంచి వచ్చాక దాన్ని నిజం చేయడం శాఖ పని. మర్నాడే ఆ కుటుంబానికి లైసెన్సు వచ్చింది. పెట్టెలోని జంటను గుట్టుగా వెనక్కి పంపేశారు. ఉప ఎన్నికలో పార్టీ ఎలాగూ ఓడింది, వెదర్‌బీ రక్షణ శాఖకు వెళ్లాడు. నైజెల్‌కు బిరుదొచ్చింది. మబ్బులు చూసినందుకు టామ్‌సిన్‌ను మురుగునీటి విభాగానికి మార్చారు. ఆమె పెద్దగా బాధపడలేదు. అక్కడ కంపు ఉన్నా దాన్ని కంపు అనే అంటారు.

చలికాలంలో ఆగకుండా వానలు పడ్డాయి. కింద ఊరు మునగలేదు. డెంజిల్ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీ సర్కారు బీవర్ నా ఆపిల్ చెట్టు కొరుకుతోంది. ఎవరితో చెప్పుకోవాలి?"

"శాఖకే చెప్పాలి, లస్కోంబ్ గారూ. మూడు నెలల్లో జవాబొస్తుంది."

"సరేలే. బీవరైతే రేపటికల్లా పని కానిచ్చేస్తుంది."