గొర్రెల దొడ్డి రాళ్ళు

పెళ్ళయిన వసంతంలోనే ఆడమ్ నన్ను ఆర్వన్ లోయకు తీసుకొచ్చాడు. మేమిద్దరం దక్షిణాన సరిహద్దు ఊళ్ళలో పుట్టినవాళ్ళం. ఇక్కడ దొరగారి గొర్రెల కాపరిగా అతనికి పని దొరికింది. తెల్లారగానే కుక్కల్ని వెంటేసుకుని కొండెక్కేవాడు, చీకటిపడ్డాక దిగేవాడు. చర్చికి వెళ్ళాలంటే పూటంతా నడక. నిప్పు అడిగి తెచ్చుకుందామన్నా పక్కిల్లు లేదు. మాట్లాడక మాట్లాడక నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

లోయలో గడ్డి అంతా ఒక రంగులో ఉండదు. అక్కడక్కడ చిక్కటి పచ్చటి మడులు, వాటిలో నడుమెత్తు దురదగొండి, మధ్యలో కప్పులేని గోడలు. ఒకప్పుడు జనం ఉండేవారని తెలుస్తూనే ఉంది. వాళ్ళేమయ్యారో ఆడమ్ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండో ఏడు మే నెలలో, వాగు పక్క పాడుగోడల మధ్య ఒక ముసలావిడ కూర్చుని రొట్టె తింటూ కనిపించింది. నన్ను చూసి లేవలేదు.

“రా, లోపలికి రా. గడప దగ్గర చూసుకో, జారుతుంది,” అంది.

అక్కడ గడ్డి తప్ప గడప లేదు. అయినా కాలెత్తి దాటాను. ఆవిడ నవ్వింది.

ఆవిడ పేరు మార్సలీ. సముద్రపు ఒడ్డున సాండ్‌నిష్‌లో ఉంటుంది. పుట్టింది మాత్రం ఆ గోడల మధ్యే. ఆవిడ భాష వేరు. వయసులో ఉండగా చేపల రేవుల్లో పనిచేసి మా మాట నేర్చుకుందట. గొర్రెల కోసం ఈ లోయను ఖాళీ చేయించినప్పుడు, ఒళ్ళో పసిబిడ్డతో నడిచి వెళ్ళిపోయింది.

“అయితే నువ్వేనన్నమాట, గొర్రెలోళ్ళ కోడలివి!”

“తిట్టవా అవ్వా నన్ను?”

“తిడదామనే వచ్చానే. నీ మొహం చూశాక నోరు రాలేదు. ఎన్నాళ్ళయిందే మనిషితో మాట్లాడి?”

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ లేచి, నా చెయ్యి పట్టుకుని మడి మడికీ తిప్పింది. ఇది నేతగాడిది, పిసినారి ముండాకొడుకు. అది మంత్రసానిది. “నువ్వు బట్టలారేస్తున్నావే, అక్కడే పెళ్ళిళ్ళకి చిందులేసేవాళ్ళం. మీ ఆయన్నీ ఒకసారి గెంతమను.”

ఏటా మే నెలలో వచ్చేది. మిగతా నెలలన్నీ నేను ఆ రోజు కోసమే చూసేదాన్ని.

ఒక శీతాకాలం దొరగారి పెత్తందారు వచ్చి, కొత్త దొడ్డి కట్టమన్నాడు. రాళ్ళు పాడుగోడల నుంచి తీసుకోమన్నాడు.

“వాగు పక్కది వదిలెయ్ ఆడమ్. అవ్వ వస్తే ఎక్కడ కూర్చుంటుంది?”

“ఏ గోడ వదలాలో నేను చెబితే, రేపు మనకి నాలుగు గోడలు ఉండవు ఎల్సీ,” అన్నాడు. చెడ్డవాడు కాడు. ఆ గోడను అన్నిటికన్నా చివర విప్పాడు, అంతే.

మేలో మార్సలీ వచ్చింది. వాగు పక్క కాసేపు నిలబడి, దొడ్డి దగ్గరికి నడిచి గోడ మీద చెయ్యి వేసింది.

“మంచి పనివాడే మీ ఆయన. మాకెప్పుడూ ఇంత పెద్ద ఇల్లు లేదు.”

“పాలు తాగి వెళ్ళు అవ్వా.”

“వద్దులే అమ్మాయ్. పొద్దుపోతోంది.”

అప్పుడింకా మిట్టమధ్యాహ్నమే.

ఆ శరత్కాలంలో సాండ్‌నిష్ మగవాళ్ళు ఆవిడ శవపేటికను కొండ దాటించి మోసుకొచ్చారు. ఆర్వన్ వాళ్ళను ఆర్వన్ శ్మశానంలోనే పూడ్చాలి. నేను ఓట్స్ పిండి రొట్టెలు, విస్కీ పట్టుకెళ్ళాను. టోపీలు తీశారు గానీ వాళ్ళలో పెద్దాయన తమ భాషలో ఏదో అన్నాడు, ఎవరూ ముట్టుకోలేదు. మట్టి పూడ్చేదాకా నేను ప్రహరీ బయటే నిలబడ్డాను.

తర్వాత ఉన్ని ధర పడిపోయింది. దొరగారు లోయను జింకల వేటకిచ్చేశారు. గొర్రెల్ని అమ్మేశారు, మమ్మల్ని వెళ్ళమన్నారు. పొయ్యిలో నిప్పు ఆడమే ఆర్పాడు. కుక్కలు బయటికి రానన్నాయి.

సాండ్‌నిష్ రేవులో పడవ కోసం ఆగాం. పెట్టె మీద కూర్చుని చేపలు కోస్తున్న ఒకావిడ మా మాటలోనే పలకరించింది.

“ఎక్కణ్ణుంచమ్మా?”

“ఆర్వన్ నుంచి.”

కత్తి ఆగింది. పక్కకు జరిగి చోటిచ్చింది. “మా అమ్మావాళ్ళదీ ఆర్వనే! ఏ ఇల్లు మీది?”

“కాపరి ఇల్లు,” అన్నాను.

ఆవిడ తల వంచుకుని మళ్ళీ చేపలు కోసుకుంది. జరిగి ఇచ్చిన చోటును మాత్రం అలాగే వదిలేసింది. పడవ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.